గిటార్ యాంప్లిఫయర్‌లో మార్పులు: ఏ రెసిస్టర్ ఎక్కడ వేయాలి, దేన్ని ముట్టుకోకూడదు?

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్లే దారిలో ఉంటుంది మద్దేడ్. బస్తర్‌లో తెలుగు వినిపించే ఊళ్లలో ఇదొకటి. భోపాలపట్నం దాటి ఇంద్రావతి అవతలకు వెళితే మహారాష్ట్రలోని సిరోంచ, గోదావరి అవతలకు వెళితే తెలంగాణ వస్తాయి. ఇలాంటి ఊళ్లో ఒక గిటార్ యాంప్లిఫయర్ పాడైనా, దాని ధ్వని నచ్చక మార్చుకోవాలనుకున్నా మొదట ఎదురయ్యే సమస్య విడిభాగాలు. జగదల్‌పూర్ 150 కిలోమీటర్లకు పైనే ఉంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజారుకు వెళ్లాలంటే ఏటూరునాగారం, వరంగల్ మీదుగా ఒక రోజు ప్రయాణం.

అందుకే పెద్ద నగరంలో ఉన్నవాళ్లలా ఒకటి వేసి చూద్దాం, నచ్చకపోతే ఇంకొకటి తెద్దాం అంటే ఇక్కడ కుదరదు. ఏది కావాలో ముందే లెక్క వేసుకుని, ఒకేసారి తెచ్చుకోవాలి. ఇంకో కారణం కూడా ఉంది. రెసిస్టర్ ధర రూపాయల్లోనే ఉంటుంది. తప్పుగా ఎంచుకుంటే మాత్రం వేల రూపాయల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. వాల్వ్ యాంప్లిఫయర్ అయితే ప్రాణానికే ముప్పు రావచ్చు.

గిటార్ యాంప్‌లో రెసిస్టర్లు చేసే పని, వాటిని ఎంచుకునే పద్ధతి, తరచూ చేసే మార్పులు, చేయకూడని మార్పులు ఏమిటో చూద్దాం.

రెసిస్టర్ మార్చితే ధ్వని ఎందుకు మారుతుంది?

రెసిస్టర్ కరెంటు ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. పాఠ్యపుస్తకాలు దీన్నే నిరోధకం అంటాయి. కొలత ఓమ్. వెయ్యి ఓమ్‌లు ఒక కిలో ఓమ్, పది లక్షల ఓమ్‌లు ఒక మెగా ఓమ్.

యాంప్‌లో ఇది ప్రధానంగా మూడు పనులు చేస్తుంది. ఒకటి, వాల్వ్‌కు గానీ ట్రాన్సిస్టర్‌కు గానీ సరైన వోల్టేజీ అందేలా చూస్తుంది. రెండు, సిగ్నల్ ఎన్ని రెట్లు పెరగాలో నిర్ణయిస్తుంది. మూడు, కెపాసిటర్‌తో కలిసి ఏ స్వరస్థాయిలు బయటకు వెళ్లాలో, ఏవి తగ్గాలో తేలుస్తుంది. బేస్, ట్రెబుల్ నాబ్‌ల వెనుక జరిగేది ఈ మూడో పనే.

గిటార్ యాంప్‌ల చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన జేటీఎం45కు మూలం అమెరికాలోని ఫెండర్ కంపెనీ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ సర్క్యూట్. రెండూ దాదాపు ఒకటే. తర్వాతి ఏళ్లలో మార్షల్ యాంప్‌ల టోన్ విభాగంలో ఒక ముఖ్యమైన రెసిస్టర్ 56 కిలో ఓమ్‌ల నుంచి 33 కిలో ఓమ్‌లకు తగ్గింది. ఫెండర్ 1960ల్లో తెచ్చిన మోడళ్లలో అదే స్థానంలో 100 కిలో ఓమ్‌లు ఉంటుంది. మార్షల్‌లో మధ్యస్థాయి ముందుకు తోసుకొచ్చినట్టు, ఫెండర్‌లో అది వెనక్కి తగ్గి శుభ్రంగా వినిపించడానికి ఉన్న కారణాల్లో ఈ ఒక్క విలువా ఉంది.

మూత తీయడానికి ముందు

వాల్వ్ యాంప్ లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ విద్యుత్ నిల్వ ఉండిపోవచ్చు. ఒక చేయి ఛాసీ మీద, ఇంకో చేయి ఆ కెపాసిటర్ మీద పడితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఈ పనిలో అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

ప్లగ్ తీసిన తర్వాత కెపాసిటర్‌ను స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం చాలామందికి అలవాటు. దానివల్ల పెద్ద మెరుపు వస్తుంది, కెపాసిటర్ దెబ్బతింటుంది, కంటికీ ప్రమాదమే. బాగా ఇన్సులేషన్ ఉన్న వైర్లకు 5 వాట్ల 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కట్టి, క్లిప్పుతో ఛాసీకి, కెపాసిటర్ పాజిటివ్‌కు మధ్య కొన్ని సెకన్లు ఉంచాలి. తర్వాత మల్టీమీటర్‌తో కొలవాలి. 5 వోల్టుల లోపు చూపిస్తేనే చేయి పెట్టాలి.

ట్రాన్సిస్టర్, ఐసీ యాంప్‌లలో లోపలి వోల్టేజీ తక్కువే. కానీ పవర్ స్విచ్, ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ దగ్గర 230 వోల్టులు ఉంటాయి. వాటికీ ఇదే జాగ్రత్త.

రెసిస్టర్ కొనేటప్పుడు నాలుగు ప్రశ్నలు

విలువ ఎంత? ఎన్ని వాట్లు? ఎన్ని వోల్టులు తట్టుకుంటుంది? ఏ రకం? దుకాణంలో చాలామంది మొదటి రెండే అడుగుతారు. గిటార్ యాంప్ విషయంలో మూడోదీ, నాలుగోదీ అంతే ముఖ్యం.

విలువ. రెసిస్టర్లు అన్ని అంకెల్లోనూ దొరకవు. మార్కెట్లో ఎక్కువగా దొరికే వరుస 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82. వీటినే పది, వంద, వెయ్యి రెట్లు చేసుకుంటూ పోతారు. అందుకే పాత సర్క్యూట్లలో 50 కిలో ఓమ్‌ల బదులు 47 కిలో ఓమ్‌లు కనిపిస్తుంది.

వాట్. రెసిస్టర్‌లో ఎంత వేడి పుడుతుందో లెక్క వేయడం తేలిక. దాని రెండు కాళ్ల మధ్య ఉన్న వోల్టేజీని వర్గం చేసి, విలువతో భాగిస్తే వాట్లు వస్తాయి. వచ్చిన అంకెకు కనీసం రెట్టింపు రేటింగ్ ఉన్నది వేయాలి. రెసిస్టర్ మీద రాసే వాట్ సాధారణంగా 70 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకే వర్తిస్తుంది. ఆ పైన అది మోయగలిగే భారం తగ్గుతూ పోతుంది. ఎండాకాలంలో బయటే 40 డిగ్రీలు దాటే చోట, మూసిన పెట్టెలో, వేడి వాల్వ్ పక్కన ఉన్న రెసిస్టర్‌కు ఆ గీత దూరంలో ఉండదు.

వోల్టేజీ. సాధారణ పావు వాట్ రెసిస్టర్ ఎక్కువగా 250 వోల్టుల వరకే తట్టుకుంటుంది. అర వాట్‌ది చాలా కంపెనీల్లో 350 వోల్టుల దాకా ఉంటుంది. వేడి ఏమీ పుట్టకపోయినా ఈ హద్దు దాటితే లోపలి పూత దెబ్బతిని విలువ మారిపోతుంది. వాల్వ్ యాంప్‌లో పావు వాట్ రెసిస్టర్లు వేసినవాళ్లకు కొన్ని నెలల తర్వాత చిటపట శబ్దాలు మొదలయ్యేది ఇందుకే.

రకం. దీని గురించి కొంత వివరంగా చూడాలి.

కార్బన్, మెటల్ ఫిల్మ్, వైర్‌వౌండ్: తేడా ఏమిటి?

కార్బన్ కాంపొజిషన్: 1950, 60ల యాంప్‌లలో కనిపించే గోధుమరంగు లావు రెసిస్టర్లు ఇవే. తేమ పట్టి, ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరిగిపోతుంది. బుస్సుమనే హోరు కూడా ఎక్కువ. పాత ధ్వని కోసం వీటినే వెతికేవాళ్లు ఉన్నారు. అయితే వీటి ప్రత్యేకత తెలిసేది ఎక్కువ వోల్టేజీ ఊగిసలాట ఉన్న చోటే. మిగతా చోట్ల వీటివల్ల వచ్చేది హోరు మాత్రమే. వానాకాలంలో తేమ ఎక్కువగా ఉండే ప్రాంతానికి ఇవి అసలు అనువు కావు.

కార్బన్ ఫిల్మ్: లేత గోధుమరంగు ఒంటితో, నాలుగు పట్టీలతో ఉంటాయి. చవక, ఎక్కడైనా దొరుకుతాయి. రేడియో, టీవీ బాగుచేసే దుకాణంలో ఉండేవి ఎక్కువగా ఇవే. సాధారణ పనులకు చాలు.

మెటల్ ఫిల్మ్: ఎక్కువగా నీలం ఒంటితో, ఐదు పట్టీలతో ఉంటాయి. ఒక శాతం కచ్చితత్వం, తక్కువ హోరు, వేడికి తక్కువ మార్పు వీటి లక్షణాలు. సిగ్నల్ దారిలో వేయడానికి ఇవే ఉత్తమం.

మెటల్ ఆక్సైడ్: ఒకటి నుంచి మూడు వాట్ల దాకా దొరుకుతాయి. చాలావాటికి మంట అంటుకోని పూత ఉంటుంది. విద్యుత్ సరఫరా విభాగానికి సరైనవి.

వైర్‌వౌండ్: తెల్లని సిరామిక్ పెట్టెలా కనిపించే 5, 10 వాట్ల రెసిస్టర్లు. లోపల తీగ చుట్టి ఉంటుంది. ఎక్కువ వేడి పుట్టే చోట వాడతారు.

హోరు విషయంలో ఒక అపోహ ఉంది. మెటల్ ఫిల్మ్ వేస్తే హోరు పూర్తిగా పోతుందని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ జాన్సన్, హ్యారీ నైక్విస్ట్ 1928లోనే ఒక విషయం వెల్లడించారు. ఏ రెసిస్టర్ అయినా తన ఉష్ణోగ్రత వల్ల కొంత హోరు పుట్టిస్తుంది. అది విలువ మీద ఆధారపడుతుంది, రకం మీద కాదు. గది ఉష్ణోగ్రతలో 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్, వినగలిగే స్వరస్థాయిలన్నీ కలిపి, దాదాపు 5.7 మైక్రోవోల్టుల హోరు ఇస్తుంది. 10 కిలో ఓమ్‌లది 1.8 మైక్రోవోల్టులే ఇస్తుంది. రకాన్ని బట్టి మారేది దీనికి అదనంగా వచ్చే హోరు. డీసీ వోల్టేజీ పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. కార్బన్ కాంపొజిషన్‌లో ఎక్కువ, మెటల్ ఫిల్మ్‌లో చాలా తక్కువ.

దీన్నుంచి పనికొచ్చే సూత్రం ఒకటి వస్తుంది. యాంప్‌లోని రెసిస్టర్లన్నీ మార్చనక్కర్లేదు. మొదటి దశలో పుట్టిన హోరును తర్వాతి దశలన్నీ పెంచుతాయి. కాబట్టి మొదటి దశలో, డీసీ ఎక్కువగా ఉన్న రెసిస్టర్‌ను మెటల్ ఫిల్మ్‌కు మార్చితే ఫలితంలో ఎక్కువ భాగం అక్కడే దక్కుతుంది.

రంగు పట్టీలు చదవడం

నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. నాలుగు పట్టీలుంటే మొదటి రెండూ అంకెలు, మూడోది ఎన్ని సున్నాలు చేర్చాలో చెబుతుంది. చివరి బంగారు పట్టీ అంటే 5 శాతం, వెండి అంటే 10 శాతం తేడా ఉండొచ్చని అర్థం. గోధుమ, నలుపు, పసుపు, బంగారు వరుస అంటే 100 కిలో ఓమ్‌లు.

ఐదు పట్టీలుంటే మొదటి మూడూ అంకెలు, నాలుగోది సున్నాలు. అదే 100 కిలో ఓమ్‌లు ఇక్కడ గోధుమ, నలుపు, నలుపు, నారింజ, గోధుమ అవుతుంది. చివరి గోధుమ అంటే ఒక శాతం. నీలం ఒంటి మీద గోధుమ, ఎరుపు, ఊదా పట్టీలు ఒకదానికొకటి పోలి కనిపిస్తాయి. అందుకే పట్టీలు చదివినా, వేసే ముందు ప్రతి రెసిస్టర్‌నూ మల్టీమీటర్‌తో కొలిచి చూడాలి. బోర్డులో ఉండగా కొలిస్తే పక్క భాగాల వల్ల తప్పు విలువ వస్తుంది. కనీసం ఒక కాలు విప్పి కొలవాలి.

వాల్వ్ యాంప్‌లో తరచూ చేసే మార్పులు

చాలా వాల్వ్ గిటార్ యాంప్‌ల మొదటి దశలో ఉండేది 12ఏఎక్స్7. యూరప్ లెక్కలో దీని పేరే ఈసీసీ83. దీని చుట్టూ నాలుగు రెసిస్టర్లు ఉంటాయి. ప్లేట్ దగ్గర 100 కిలో ఓమ్‌లు, క్యాథోడ్ దగ్గర 1.5 కిలో ఓమ్‌లు, గ్రిడ్ నుంచి గ్రౌండ్‌కు ఒక మెగా ఓమ్, జాక్ నుంచి గ్రిడ్‌కు 68 కిలో ఓమ్‌లు. ఎన్నో ప్రసిద్ధ యాంప్‌లలో కనిపించే విలువలు ఇవి.

ప్లేట్ రెసిస్టర్: సరఫరా 280 వోల్టులు, ప్లేట్ మీద 170 వోల్టులు ఉన్నాయనుకుందాం. రెసిస్టర్ మీద పడేది 110 వోల్టులు. లెక్క వేస్తే 0.12 వాట్. పావు వాట్ సరిపోతుందనిపిస్తుంది. కానీ వాల్వ్ లోపల షార్ట్ అయితే మొత్తం 280 వోల్టులూ దీని మీదే పడతాయి. అప్పుడు పుట్టే వేడి 0.78 వాట్. పైగా 280 వోల్టులు పావు వాట్ రెసిస్టర్ హద్దును దాటిపోయాయి. ఇక్కడ ఒక వాట్ మెటల్ ఫిల్మ్ వేస్తే వాల్వ్ చచ్చినా రెసిస్టర్ బతుకుతుంది. హోరూ తగ్గుతుంది.

క్యాథోడ్ రెసిస్టర్: ఇక్కడ వోల్టేజీ ఒకటిన్నర, రెండు వోల్టులే. అర వాట్ ధారాళంగా చాలు. 1.5 కిలో ఓమ్‌ల బదులు 2.7 కిలో ఓమ్‌లు వేస్తే వాల్వ్‌లో ప్రవాహం తగ్గుతుంది. 820 ఓమ్‌లు వేస్తే పెరుగుతుంది. రెండు వైపులా డిస్టార్షన్ స్వభావం మారుతుంది. దీని పక్కనే ఉండే కెపాసిటర్ ప్రభావం ఇంకా ఎక్కువ. కెపాసిటర్ ఉంటే ఈ దశ సిగ్నల్‌ను సుమారు 61 రెట్లు పెంచుతుంది. తీసేస్తే సుమారు 32 రెట్లే. శుభ్రమైన ధ్వని కావాలనుకునేవాళ్లకు చవకైన మార్పు ఇది. ఒక కాలు విప్పితే సరి, నచ్చకపోతే మళ్లీ అతికించవచ్చు.

జాక్ దగ్గరి రెసిస్టర్: 68 కిలో ఓమ్‌లు వాల్వ్ సహజ కెపాసిటెన్స్‌తో కలిసి దాదాపు 20 కిలోహెర్ట్జ్ పైనున్న సంకేతాలను ఆపుతుంది. రేడియో స్టేషన్ల చొరబాటును అడ్డుకునేది ఇదే. దీన్ని 10 లేదా 22 కిలో ఓమ్‌లకు తగ్గిస్తే హోరు కాస్త తగ్గుతుంది. పూర్తిగా తీసేస్తే యాంప్‌లో రేడియో వినిపించే అవకాశం ఉంటుంది. దీన్ని జాక్ దగ్గర కాకుండా వాల్వ్ సాకెట్ పిన్ను దగ్గరే అతికిస్తే బాగా పనిచేస్తుంది.

టోన్ విభాగం: 100 కిలో ఓమ్‌లున్న చోట 56 లేదా 47 కిలో ఓమ్‌లు వేస్తే మధ్యస్థాయి పెరుగుతుంది. మిడ్ నాబ్ లేని కొన్ని ఫెండర్ మోడళ్లలో, ఉదాహరణకు డీలక్స్ రివర్బ్‌లో, ఆ స్థానంలో 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. దాన్ని 10 లేదా 15 కిలో ఓమ్‌లకు పెంచితే బ్యాండ్ మధ్యలో గిటార్ స్పష్టంగా తెలుస్తుంది. ఇక్కడ అర వాట్ చాలు.

విద్యుత్ విభాగంలో వేరే నియమం

పవర్ వాల్వ్ స్క్రీన్ రెసిస్టర్లకు సిగ్నల్ దారి నియమాలు వర్తించవు. ఈఎల్34 వాల్వులున్న మార్షల్ యాంప్‌లలో ఇవి సాధారణంగా ఒక కిలో ఓమ్, 5 వాట్లు. యాంప్‌ను గట్టిగా వాయించినప్పుడు వీటిలో ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. 30 మిల్లీ యాంపియర్లు పారితే 0.9 వాట్ వేడి పుడుతుంది. వాల్వ్ చెడిపోతే అంతకు ఎన్నో రెట్లు. మంట అంటుకునే రెసిస్టర్ ఇక్కడ ఉంటే అది బోర్డును, చెక్క పెట్టెను కాల్చేయగలదు. వైర్‌వౌండ్ గానీ, మంట అంటుకోని మెటల్ ఆక్సైడ్ గానీ వేయాలి. బోర్డుకు ఆనకుండా కాస్త ఎత్తులో ఉంచాలి.

చేయదగిన మార్పుల్లో అన్నిటికన్నా విలువైనది ధ్వనికి సంబంధించినది కాదు. ఫిల్టర్ కెపాసిటర్లకు అడ్డంగా బ్లీడర్ రెసిస్టర్ వేయడం. యాంప్ ఆపగానే నిల్వ విద్యుత్‌ను అది నెమ్మదిగా ఖాళీ చేస్తుంది. 450 వోల్టుల సరఫరాకు 220 కిలో ఓమ్‌లు ఒకటే వేస్తే 0.92 వాట్ వేడి పుడుతుంది. 2 వాట్లు చాలు అనిపిస్తుంది గానీ, చాలా 2 వాట్ల రెసిస్టర్లు 350 వోల్టులకు మించి తట్టుకోవు. అందుకే 100 కిలో ఓమ్‌లవి, ఒక్కొక్కటి 2 వాట్లు, రెండు వరుసగా కట్టాలి. అప్పుడు ఒక్కో దాని మీద 225 వోల్టులు, అర వాట్ మాత్రమే పడతాయి. 47 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ముప్పావు నిమిషంలో 5 వోల్టుల కిందికి దిగుతుంది. ఇది ఉన్నా చేయి పెట్టే ముందు మీటర్‌తో కొలవడం మానకూడదు.

ట్రాన్సిస్టర్, ఐసీ యాంప్‌లలో

మన దగ్గర ఎక్కువమంది చేతిలో ఉండేవి 10 నుంచి 30 వాట్ల చిన్న యాంప్‌లు. వాటిలో వాల్వులు ఉండవు. ముందు భాగంలో 4558, టీఎల్072 లాంటి ఐసీలు, వెనుక టీడీఏ2030 లాంటి పవర్ ఐసీ ఉంటాయి. వోల్టేజీ తక్కువ కాబట్టి సిగ్నల్ భాగంలో పావు వాట్ మెటల్ ఫిల్మ్ హాయిగా సరిపోతుంది.

వీటిలో సిగ్నల్ ఎన్ని రెట్లు పెరగాలో రెండు రెసిస్టర్లు తేలుస్తాయి. సాధారణంగా వాడే ఒక అమరికలో, ఔట్‌పుట్ నుంచి వెనక్కి వచ్చే రెసిస్టర్‌ను గ్రౌండ్‌కు వెళ్లే రెసిస్టర్‌తో భాగించి, ఒకటి కలిపితే ఆ రెట్లు వస్తాయి. టీడీఏ2030కు తయారీదారు సూచించిన విలువలు 22 కిలో ఓమ్‌లు, 680 ఓమ్‌లు. అంటే దాదాపు 33 రెట్లు. 680 బదులు 330 ఓమ్‌లు వేస్తే 68 రెట్లకు చేరుతుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. రెట్లు పెంచితే యాంప్ వాట్లు పెరగవు. పవర్ ఎంత ఇవ్వగలదన్నది ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ, స్పీకర్ ఓమ్‌లు నిర్ణయిస్తాయి. రెట్లు పెంచితే వాల్యూమ్ నాబ్ మూడు దగ్గరే ధ్వని చీలిపోవడం మొదలవుతుంది, హోరూ రెట్టింపవుతుంది. బాగా తగ్గించినా ఇబ్బందే. టీడీఏ2030ను సుమారు 16 రెట్ల కంటే తక్కువలో నడపకూడదని తయారీదారే చెబుతాడు. తగ్గిస్తే ఐసీ తనంతట తాను ఊగిసలాడి వేడెక్కిపోతుంది. డిస్టార్షన్ కావాలంటే పవర్ ఐసీని వదిలేసి, ముందు భాగంలోని ఐసీ దగ్గర మార్చాలి. అక్కడ 100 కిలో ఓమ్‌లు, 4.7 కిలో ఓమ్‌లు ఉంటే 22 రెట్లు. 4.7ను 2.2కు తగ్గిస్తే 46 రెట్లు.

గిటార్‌ను మైక్‌సెట్‌కు కలిపితే ఎందుకు మొద్దుబారుతుంది?

ప్రార్థన మందిరాల్లో, స్కూలు వార్షికోత్సవాల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో గిటార్‌కు వేరే యాంప్ ఉండకపోవడం మామూలే. నేరుగా మైక్‌సెట్ యాంప్‌కు కలిపేస్తారు. ధ్వని కంబళి కప్పినట్టు వస్తుంది. ట్రెబుల్ ఎంత పెంచినా లాభం ఉండదు.

కారణం ఇన్‌పుట్ రెసిస్టెన్స్. గిటార్ పికప్ అంటే సన్నని తీగ వేల చుట్లు చుట్టిన కాయిల్. 3 హెన్రీల పికప్ 500 హెర్ట్జ్ దగ్గర దాదాపు 9 కిలో ఓమ్‌ల అడ్డు పెడితే, 5,000 హెర్ట్జ్ దగ్గర 94 కిలో ఓమ్‌లు పెడుతుంది. యాంప్ ఇన్‌పుట్ 47 కిలో ఓమ్‌లే అయితే 500 హెర్ట్జ్ సిగ్నల్‌లో సుమారు 80 శాతం లోపలికి వెళ్తుంది, 5,000 హెర్ట్జ్‌లో 43 శాతమే వెళ్తుంది. గిటార్ యాంప్‌లలో ఇన్‌పుట్ ఒక మెగా ఓమ్ పెట్టేది ఇందుకే.

పరిష్కారంగా మధ్యలో ఒక మెగా ఓమ్ రెసిస్టర్ వరుసగా పెట్టేవాళ్లు ఉన్నారు. దానివల్ల ట్రెబుల్ తిరిగొస్తుంది గానీ, సిగ్నల్ 20వ వంతుకు పైగా పడిపోయి హోరే మిగులుతుంది. సరైన మార్గం చిన్న బఫర్ సర్క్యూట్. టీఎల్072లో ఒక సగం, ఇన్‌పుట్ దగ్గర ఒక మెగా ఓమ్ మెటల్ ఫిల్మ్, ఔట్‌పుట్‌లో ఒక కిలో ఓమ్, రెండు కప్లింగ్ కెపాసిటర్లు, సగం వోల్టేజీ కోసం 10 కిలో ఓమ్‌లవి రెండు, ఒక 9 వోల్టుల బ్యాటరీ. మైక్‌సెట్‌ను విప్పాల్సిన పనే లేదు.

కరెంటు హెచ్చుతగ్గులు లెక్కలో ఉండాలి

మన సరఫరా ప్రామాణికంగా 230 వోల్టులు. లైన్ చివర ఉన్న ఊళ్లలో, జనరేటర్ మీద నడిచే కార్యక్రమాల్లో అది స్థిరంగా ఉండదు. 230 కాస్తా 260 అయితే యాంప్ లోపలి వోల్టేజీ 13 శాతం పెరుగుతుంది. రెసిస్టర్‌లో వేడి వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది 28 శాతం ఎక్కువవుతుంది. రెట్టింపు వాట్ రేటింగ్ నియమం ఇక్కడ అక్కరకొస్తుంది. అంచున లెక్క వేసి పెట్టిన రెసిస్టర్ నగరంలో ఏళ్లు నడిచినా, ఇలాంటి చోట ఒక్క రాత్రి కార్యక్రమంలో నల్లబడిపోవచ్చు.

ముట్టుకోకూడనివి

ఎర్త్ వైరు. హమ్ము తగ్గుతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయడం అన్నిటికన్నా ప్రమాదకరమైన మార్పు. గిటార్ తీగలు యాంప్ ఛాసీకి కలిసి ఉంటాయి. లోపల లీకేజీ ఉండి, ఎర్త్ లేకపోతే, తీగల మీద చేయి, మైకుకు పెదవి తగిలిన క్షణంలో ఒళ్లంతా షాక్ కొడుతుంది.

ఫ్యూజు. ఉన్న రేటింగే వేయాలి. తీగ చుట్టకూడదు.

ఫ్యూజబుల్ రెసిస్టర్లు. ఎక్కువ కరెంటు వస్తే తెగిపోయేలా తయారైనవి ఇవి. బదులుగా మామూలు రెసిస్టర్ వేస్తే తెగాల్సింది తెగదు, కాలకూడనివి కాలతాయి.

పవర్ ట్రాన్సిస్టర్ల దగ్గర ఉండే 0.22, 0.33 ఓమ్‌ల రెసిస్టర్లు, స్పీకర్ ఔట్‌పుట్‌కు అడ్డంగా ఉండే ఒక ఓమ్ రెసిస్టర్. ఇవి కాలిపోతే కారణం వేరే చోట ఉంటుంది. ముందు దాన్ని వెతకాలి. తర్వాత అదే విలువ, అదే వాట్ వేయాలి.

వాల్వ్ యాంప్‌ను స్పీకర్ లేకుండా పరీక్షించకూడదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. స్పీకర్ పెట్టడం వీలుకాకపోతే, యాంప్ వాట్లకు రెట్టింపు రేటింగ్ ఉన్న 8 ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌ను 8 ఓమ్‌ల ఔట్‌పుట్‌కు కలపాలి.

దూరప్రాంతంలో ఉన్నవాళ్లు ఏం తెచ్చిపెట్టుకోవాలి?

సిటీకి వెళ్లినప్పుడు ఒక్కసారే తెచ్చుకోదగినవి ఇవి: అర వాట్ మెటల్ ఫిల్మ్‌లో 470 ఓమ్‌లు, ఒక కిలో ఓమ్, 2.2, 4.7, 10, 22, 47, 100, 220 కిలో ఓమ్‌లు, ఒక మెగా ఓమ్. ఒక్కోటి పదేసి. వాల్వ్ యాంప్ ఉంటే ఒక వాట్, 2 వాట్లలో 100 కిలో ఓమ్‌లవి, 5 వాట్లలో ఒక కిలో ఓమ్, 10 కిలో ఓమ్‌లవి కొన్ని.

ఈ కొద్ది విలువలతోనే చాలావరకు నెట్టుకురావచ్చు. వరుసగా కడితే విలువలు కలుస్తాయి. 47, 22 కిలో ఓమ్‌లు కలిపితే 69. అంటే 68కి ఒకటిన్నర శాతం తేడా. ఒక కిలో ఓమ్, 470 ఓమ్‌లు కలిపితే 1.47 కిలో ఓమ్‌లు, 1.5 బదులు వాడుకోవచ్చు. 2.2 కిలో ఓమ్‌లకు 470 ఓమ్‌లు కలిపితే 2.67, అది 2.7 స్థానంలో సరిపోతుంది. సమాన విలువలు రెండు పక్కపక్కన కడితే విలువ సగం, వాట్ రెట్టింపు. పాత యాంప్‌లలో ఉన్నవే 10 శాతం తేడాతో వచ్చినవి కాబట్టి రెండు శాతం తేడా చెవికి తెలియదు.

దుకాణంలో వాట్‌ను సైజు చూసి నమ్మకూడదు. ఇప్పుడు కొన్ని అర వాట్ రెసిస్టర్లు పాత పావు వాట్ అంత చిన్నగా వస్తున్నాయి. కంపెనీ పేరు, సిరీస్ అడిగి, వోల్టేజీ హద్దు తెలుసుకునే కొనాలి.

పని చేసే క్రమం

మొదట బోర్డును ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. ఉన్న విలువలు కాగితం మీద రాసుకోవాలి. తీసిన రెసిస్టర్‌ను పారేయకుండా, ఏ స్థానంలోదో రాసిన కవర్లో పెట్టాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. మూడు ఒకేసారి మార్చితే బాగున్నా, చెడినా దేనివల్లో తెలియదు. మార్చిన తర్వాత యాంప్‌ను నేరుగా ప్లగ్‌లో పెట్టకుండా, 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఉన్న సిరీస్ బోర్డు ద్వారా వేయాలి. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే సరే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. వెంటనే ఆపాలి. అంతా సరిగ్గా ఉంటే పదిహేను నిమిషాలు నడిపి, ప్లగ్ తీసి, నిల్వ విద్యుత్ ఖాళీ చేసి, మార్చిన రెసిస్టర్ రంగు మారిందేమో, కాలిన వాసన వస్తోందేమో చూడాలి.

ఇవన్నీ చేసే ముందు ఒక చవకైన పరీక్ష ఉంది. గిటార్ కేబుల్, జాక్, వాల్యూమ్ నాబ్ శుభ్రంగా ఉన్నాయా, స్పీకర్ చిరిగిందా అని చూడటం. యాంప్ ధ్వని బాగాలేదని మూత తీసే సందర్భాల్లో చాలావాటికి రెసిస్టర్‌తో సంబంధమే ఉండదు.